పెయ్యి కాల్తాంది

హన్మకొండలో, కలెక్టరేట్ వెనక రెండో అంతస్తులో
జ్వరాలను చదవడం నా ఉద్యోగం.
జ్వరమొచ్చిన మనుషుల్ని కాదు,
వాళ్ళు వదిలిన అక్షరాల్ని.
అర్ధరాత్రి ఫోన్లో వెతికిన మాటలు,
హెల్ప్‌లైన్‌లో తడబడిన గొంతులు,
మెడికల్ షాపుల బిల్లుల్లోంచి రాలిన గోలీల లెక్కలు
అన్నీ పేర్లు కడుక్కుని నా దగ్గరికొస్తాయి.
ముఖం ఉండదు.
పిన్‌కోడూ, వేళా మిగులుతాయి.

మిషన్ తెలివైనదే.
శివనగర్‌లో ఓఆర్ఎస్ పాకెట్లు రెట్టింపైతే
నల్లా నీళ్ళ మీద మొదటి అనుమానం దానిదే.
పరీక్షల ముందు రోజు కాజీపేటలో తలనొప్పులు పెరిగితే
పట్టించుకోకపోవడం కూడా నేర్చుకుంది.

ఆ మంగళవారం మాత్రం
పశువుల శాఖ గడిలో పదిహేడు ఫిర్యాదులు పడేసి
నిమ్మళంగా కూచుంది.
దూడ కాలుతోంది.
దూడ కాలుతోంది.
ఎనుమాముల మార్కెట్ వెనక, హమాలీల కాలనీ.
"గడ్డివాము అంటుకుందేమో" అంది నజ్మా, టీ ఊదుకుంటూ.
ఆ కాలనీలో గడ్డి ఎక్కడిది?
మిర్చి బస్తాలు మోసే భుజాలు తప్ప
అక్కడ కట్టేసి ఉన్నదేముంది?

హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను.
ఆడమనిషి గొంతు, వెనక కుక్కర్ కూత:
"సారూ, పిలగానికి పెయ్యి కాల్తాంది.
కాళ్ళు గుంజుతానయంటడు, కండ్లెనక పోటంటడు.
ఏమన్న గోలి చెప్పుర్రి."

పెయ్యి.
మా అమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి
ఒళ్ళంతటికీ కలిపి అనే మాట.
మిషన్‌కు తెలుగు నేర్పినోళ్ళు
పెయ్య అంటే దూడ అని చెప్పి లేచిపోయిర్రు.
వాళ్ళనేం అంటం?
ఈ ఉద్యోగం ఇంటర్వ్యూల నేను కూడ
"శరీరం" అన్నదాన్నే,
నాలుక మీదికొచ్చిన మాటను మింగి.

పదిహేడూ విన్న. ఒక్క దూడ లేదు.

ఏఎన్ఎం స్వరూపక్క స్కూటీ మీద పొయ్యేసరికి
నాలుగొద్దులకోసారి వచ్చే నీళ్ళు
నీలం డ్రమ్ముల్ల నిండుగున్నయి,
మూతలకు బదులు ఖాళీ బస్తాలు.
బస్తా ఎత్తితే
తలకిందులుగ ఏలాడుకుంట సన్నటి పురుగులు,
అంగట్ల బేరమాడే జనం లెక్క ఒకటే కదులుడు.
సాయంత్రానికి ఎంజీఎం నుంచి రిపోర్టులు: డెంగీ.

మిషన్ కోసం మాటల పట్టీ రాస్తున్న ఇప్పుడు.
జరం. కక్కుడు. బేదులు. గుంజుడు. గావర.
ఒక్కొక్క మాట ఎదురుంగ ఒక కోడ్ ఇయ్యాలె.
"పాణం మంచిగ లేదు" కాడ ఆగిపోయిన.
పాణం ఏ అవయవం కిందికొస్తది?
నజ్మాను అడిగితే
"మా ఇంట్ల తబియత్ అంటరు, అదీ రాయి" అన్నది.
రెండు గళ్ళూ ఖాళీగనే ఉన్నయి.

పై ఆఫీసుకు పంపిన గీత
మంగళవారం కాడ లేస్తది, చక్కగ, కొండలెక్క.
తొందరగ పసిగట్టినమని మెచ్చుకున్నరు.
స్వరూపక్క నోటుబుక్కుల మాత్రం
ఓదెలు, యాభై రెండు, అంతకు ముందటి గురువారం.
కాలనీల మంచం పట్టిన మొదటి మనిషి.
ఫోనుంది, రీచార్జి అయిపోయింది.
ఐదొద్దులు గోడదిక్కు తిరిగి పండుకున్నడట
ఎవ్వలికేం చెప్పకుంట, ఏం వెతక్కుంట.
బతికిండు. ప్లేట్‌లెట్లు ఎక్కించిర్రు.
నా పటంల ఆ ఐదొద్దులు
ఇంక తెల్లగనే ఉన్నయి.

పొద్దున ఆఫీసు తెరవంగనే
ఎర్రచుక్కల దిక్కు చూసుడు బందువెట్టిన.
తెల్లగున్న జాగలు చూస్తున్న ముందుగాల.
ఇయ్యాల తాడ్వాయి అవుతల, అడవి అంచున
తొమ్మిది గూడేలు. సున్నా, సున్నా, సున్నా.
సబ్‌సెంటర్‌కు ఫోన్ కొట్టిన.
మూడోసారికి కలిసింది.
"అక్కా, మీ దిక్కు అంత మంచిదేనా?"
గాలి చప్పుడు.
"ఆ... ఇక్కడ పెయ్యి..." అన్నదో,
"ఇక్కడ వెయ్యి..." అన్నదో,
కట్టయింది.

నజ్మా, బండి తాళాలు ఎక్కడున్నయి?